అటారీ ఎస్టీకి సొంత రోమ్

1985లో వచ్చిన అటారీ ఎస్టీ కంప్యూటర్ రోమ్‌లో, అంటే శాశ్వత మెమరీ చిప్‌లలో, పెట్టుకోడానికి ఎమ్యూటాస్ అనే ఓపెన్ సోర్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌ను సోర్స్ కోడ్ నుంచి నేనే కంపైల్ చేసుకుంటాను. లైనక్స్‌లోని మామూలు కంపైలర్ జీసీసీతో పని జరగదు. ఎస్టీలోని 68000 ప్రాసెసర్‌కు కోడ్ తయారుచేసే క్రాస్ కంపైలర్ కావాలి. ఇది తెలియక మొదటిసారి రాత్రంతా ఎర్రర్లు చూస్తూ కూర్చున్నాను.

సోర్స్ ఫోల్డర్‌లో ‘మేక్ 192’ అనే ఆదేశం కొట్టండి, 192 కేబీ ఇమేజ్ ఫైలు వస్తుంది. తర్వాతి మోడల్ ఎస్టీఈ అయితే 256. వచ్చిన ఇమేజ్‌ను ఎస్టీని అనుకరించే హటారీ ఎమ్యులేటర్‌లో నడపండి. అక్కడ డెస్క్‌టాప్ కనిపించేదాకా చిప్‌ల జోలికి పోవద్దు.

అసలు తిప్పలు తర్వాతే. ఆరు సాకెట్ల బోర్డుకు 32 కేబీ ఈప్రామ్‌లు (మనం రాసుకోగల రోమ్ చిప్‌లు) ఆరు కావాలి. ప్రాసెసర్‌కు డేటా చేరే దారి, అంటే డేటా బస్, 16 బిట్లు, చిప్‌ది 8 బిట్లే. అందుకే ఫైలును మూడు 64 కేబీ ముక్కలు చేసి, ఒక్కో ముక్కలో సరి స్థానాల బైట్లు ఒక చిప్‌కు, బేసివి దాని జత చిప్‌కు రాయాలి. ప్రతి చిప్‌కూ చీటీ అంటించండి. నేను అంటించలేదు, రెండు తారుమారయ్యాయి. ఇక బూట్ అవుతుందా!