చిన్న షేరు కదలికలు చదవడం – 7వ పాఠం: నూరు శాతం డెలివరీ

గత పాఠం చివర డెలివరీ శాతం చూసి మీ అభిప్రాయం రాయమన్నాను. పాలకొల్లు, నరసాపురం, అమలాపురం నుంచి వచ్చిన జవాబుల్లో సగానికి పైగా ఒకే మాట ఉంది: "డెలివరీ 100 శాతం, కాబట్టి కొంటున్నవాళ్లు గట్టివాళ్లే." ఈ రోజు ప్రమోటర్లు, అంటే కంపెనీని నడిపే యజమానులు, తమ షేర్లను తాకట్టు పెట్టడం గురించి చెప్పాలనుకున్నాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. ఈ పొరపాటుతో ముందుకు వెళితే డబ్బు పోతుంది.

మామూలు షేరును పొద్దున కొని మధ్యాహ్నం అమ్మేయవచ్చు. అలాంటివి పోగా డీమ్యాట్ ఖాతాలోకి నిజంగా చేరినవి ఎన్నో చెప్పేదే డెలివరీ శాతం. కానీ ఎక్స్ఛేంజి కొన్ని షేర్లను ట్రేడ్ టు ట్రేడ్ విభాగంలో పెడుతుంది. అక్కడ కొన్న రోజే అమ్మి లెక్క సరిపెట్టుకోవడం కుదరదు. ప్రతి షేరూ చేతికి రావాల్సిందే. అంటే అక్కడ 100 శాతం అన్నది నిబంధన వల్ల వచ్చిన అంకె. దాన్నిబట్టి కొనేవాళ్ల గురించి ఏమీ తెలియదు. ఎన్‌ఎస్‌ఈలో బీఈ సిరీస్ అనో, బీఎస్‌ఈలో టీ గ్రూపు అనో కనిపిస్తే అది ఈ విభాగమే, మీ నోటుపుస్తకంలో డెలివరీ శాతం గడి కొట్టేయండి.

మరి ఏం చూడాలి? ఎన్ని షేర్లు చేతులు మారాయో చూడాలి. ఒక కంపెనీని ఊహించుకుందాం. మొత్తం షేర్లు 1 కోటి 20 లక్షలు. నిన్నటి ధర 42 రూపాయలు. ఈ రోజు 5 శాతం పెరిగి 44.10 దగ్గర, ఆ రోజుకు ఎక్స్ఛేంజి పెట్టిన పై హద్దు అయిన అప్పర్ సర్క్యూట్‌లో ఆగింది. చేతులు మారినవి 310 షేర్లు, అంతా కలిపి 13,671 రూపాయల బేరం. ఆ చిన్న బేరంతో కంపెనీ మార్కెట్ విలువ కాగితం మీద 2 కోట్ల 52 లక్షలు పెరిగింది. పెన్ను పట్టుకుని మీరే గుణించి చూడండి, నా మాట మీద నమ్మవద్దు.

వరద నీరు ఎర్రబడగానే యానాం వేలంలో తొలి పులస వేల రూపాయలు పలుకుతుంది. ఆ ధరను గోదావరిలోని ప్రతి చేపకూ కట్టి నది విలువ ఇంత అని ఎవరూ అనరు. షేరు దగ్గర మాత్రం మనం రోజూ ఆ పనే చేస్తున్నాం.

రోజుకు 5 శాతం చొప్పున పది రోజులు ఎక్కితే 100 రూపాయల షేరు 162.89 అవుతుంది. అక్కడి నుంచి అదే శాతంతో పది రోజులు దిగితే దాదాపు 97.53కు చేరుతుంది. పైకి వెళ్లేటప్పుడు అమ్మేవాళ్లకు తలుపు తెరిచే ఉంటుంది, కొనేవాళ్లే బయట వరుసలో నిలబడతారు. లోయర్ సర్క్యూట్, అంటే కింది హద్దు, పడిన రోజు ఈ వరుస తిరగబడుతుంది. భీమవరం దగ్గర చెరువులు చేసే మా బంధువు ఒకాయన తొమ్మిది రోజులు వరుసగా పొద్దున్నే అమ్మకం ఆర్డరు పెట్టాడు. ఒక్క షేరూ అమ్ముడుపోలేదు. పదో రోజు ఫోను బల్ల మీద బోర్లా పెట్టి లేచిపోయాడు.

ఒక రోజులో కంపెనీ షేర్లలో 0.5 శాతం మించి ఒకే చేతి మీదుగా నడిస్తే బల్క్ డీల్‌గా ప్రకటిస్తారు. మన ఉదాహరణలో అది 60,000 షేర్లు. రోజుకు మూడు వందలతో ధర ఎత్తేవాళ్లు ఆ జాబితాకు ఎప్పటికీ ఎక్కరు. జాబితాలో పేరు లేదని ధైర్యపడకండి.

కారణం ఉన్న కదలికను పోల్చడం తేలిక. 2025 ఏప్రిల్ 2న అమెరికా మన దేశంపై 26 శాతం సుంకం ప్రకటించగానే రొయ్యల ఎగుమతి కంపెనీల షేర్లు కలిసి పడ్డాయి. 9న దాన్ని 90 రోజులు వాయిదా వేశాక కలిసి లేచాయి. మన చెరువు గట్ల మీద 100 కౌంట్ (కిలోకు వంద తూగే) రొయ్య ధర గురించి మాట్లాడుకున్నదీ ఆ రోజుల్లోనే. తోటి కంపెనీలు కదలకుండా ఒక్కటే పరుగెడితే నేను ముందు ఎక్స్ఛేంజికి ఆ కంపెనీ పంపిన ప్రకటనలు తెరుస్తాను, తేదీతో పాటు గంట కూడా చూస్తాను. గీతల పటాలు నేను చూడను. అంకెలే చాలు.

అభ్యాసం: ఒక చిన్న కంపెనీ, అదే వ్యాపారంలోని మరో మూడు. గడచిన 60 ట్రేడింగ్ రోజులకు ముగింపు ధర, లావాదేవీల సంఖ్య, చేతులు మారిన షేర్లు చేత్తో రాయండి. ధర 4 శాతం దాటి కదిలిన ప్రతి రోజు పక్కనా మిగతా మూడూ ఎటు వెళ్లాయో, ప్రకటన ఉంటే ఏ గంటకు వచ్చిందో రాయండి. ప్రకటన లేకపోతే ఆ గడి ఖాళీగా వదలండి, ఊహతో నింపవద్దు.