నింపాదిగా నడిచే వీఆర్ సినిమాని పదిమందితో చూసి, చర్చ నడపడం ఎలా

వర్చువల్ రియాలిటీ (వీఆర్), అంటే కంప్యూటర్ కల్పించే లోకం మీద వచ్చిన సైన్స్ ఫిక్షన్‌లో ఒక రకం సినిమాలున్నాయి. వాటిలో ఫైట్లు తక్కువ, మౌనం ఎక్కువ. ముఖ్యపాత్ర ట్రామ్ ఎక్కి చాలాసేపు మాట్లాడకుండా కూర్చుంటుంది. ఏది ఆట, ఏది లోకం అన్నది చివరిదాకా తేల్చి చెప్పరు. ఇలాంటి సినిమాని కలిసి చూస్తే కొందరు అద్భుతం అంటారు, కొందరు సాయంత్రం పాడైందంటారు. మాట అక్కడితో ఆగిపోతుంది, ఎవరి చెప్పులు వాళ్లు వేసుకుని వెళ్లిపోతారు.

ఈ తేడాలో చాలా భాగం సినిమా వల్ల వచ్చింది కాదు. మసక ప్రొజెక్టర్, ఆలస్యంగా వచ్చే సబ్‌టైటిల్స్, ముందే తిన్న బిర్యానీ, ఇంకో సినిమాని ఊహించుకుని రావడం, వీటన్నిటి వల్ల వచ్చింది. ముందు వాటిని తీసేయాలి. ఆ తర్వాత కూడా మిగిలే తేడాయే అసలు సరుకు, చర్చకు కూర్చోవలసింది దాని మీద.

బెంగళూరులో మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, ఎలక్ట్రానిక్ సిటీ వైపు అపార్ట్‌మెంట్ హాల్లో పది పన్నెండు మంది తెలుగువాళ్లు కూర్చునే కొలతకు ఇది రాస్తున్నాం. ఉదాహరణకి మమోరు ఓషీ 2001లో తీసిన ‘అవలాన్’ తీసుకుందాం. దర్శకుడు జపాన్ వాడు, చిత్రీకరణ పోలండ్‌లో, నటులు పోలండ్ వాళ్లు, మాటలు పోలిష్. నిడివి సుమారు 107 నిమిషాలు. చట్టవిరుద్ధమైన యుద్ధపు ఆట ఆడి డబ్బు సంపాదించే ఆష్ అనే ఒంటరి స్త్రీ కథ. ఇదే దర్శకుడు 1995లో తీసిన ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ చూసినవాళ్లకి ఈ నడక కొంత అలవాటే. మిగతావాళ్లకి కొత్త.

ముందు సినిమా కాపీ

ఇంట్లో స్నేహితులతో చూడటం వేరు, క్లబ్‌హౌస్‌లో నోటీసు పెట్టి చూపించడం వేరు. రెండోదానికి హక్కుదారు రాతపూర్వక అనుమతి కావాలి, టికెట్ పెట్టకపోయినా సరే. అందుకే ఇంటి హాల్లోనే పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న చెల్లెలో బావగారో డిస్క్ తెస్తే రీజియన్ (అది ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందో చెప్పే గుర్తు) చూసుకోండి. మన దేశానికి డీవీడీ రీజియన్ 5, బ్లూరే రీజియన్ సి. అమెరికా డిస్కులు చాలావరకు డీవీడీ రీజియన్ 1, బ్లూరే రీజియన్ ఎ. ఇక్కడ కొన్న ప్లేయర్ వాటిని తీసుకోకపోవచ్చు, ఈ సంగతి జనం వచ్చి కూర్చున్నాక తెలియకూడదు. స్ట్రీమింగ్ అయితే ఫోన్ నుంచి మిర్రర్ చేయొద్దు. కాపీ రక్షణ వల్ల శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉండిపోవచ్చు. ల్యాప్‌టాప్ నుంచి హెచ్‌డీఎమ్‌ఐ కేబుల్ వేయడమే క్షేమం.

సబ్‌టైటిల్ ఫైల్ విడిగా దొరికితే మొదట్లో ఒకచోట, గంట దాటాక ఇంకోచోట సరిచూడండి. మొదటినుంచీ ఒకే తేడా ఉంటే వీఎల్‌సీ ప్లేయర్‌లో జీ, హెచ్ మీటలతో ముందుకీ వెనక్కీ జరపొచ్చు. మొదట్లో సరిగ్గా ఉండి పోనుపోను తేడా పెరుగుతుంటే మాత్రం మీటలతో పని జరగదు. ఆ ఫైలు బహుశా సెకనుకు 25 ఫ్రేములకి తయారైంది, మీ సినిమా 23.976 ఫ్రేములది, లేదా అటుది ఇటు. గంటకి దాదాపు రెండున్నర నిమిషాల తేడా వస్తుంది. ఫైలు మార్చాల్సిందే. పోలిష్ మాటలు ఎవరికీ తెలియవు కాబట్టి సబ్‌టైటిల్ తప్పినా వెంటనే పట్టుబడదు. అర్థంకానిదల్లా దర్శకుడి ఖాతాలో పడుతుంది.

వెలుగు, రంగు

ఇక్కడ ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే ఈ సినిమా రంగులోనే ఆలోచిస్తుంది. ఎక్కువ భాగం గోధుమ, పసుపు కలిసిన సెపియా ఛాయలో ఉంటుంది. టీవీ చెడిపోయిందనుకుని ఎవరో ఒకరు రిమోట్ తీసి రంగు పెంచుతారు. అది జరగకుండా సినిమా మొదలయ్యే ముందే చెప్పాలి: రంగు ఇంతే, ఇది కావాలని చేసింది.

ప్రొజెక్టర్ గానీ టీవీ గానీ వివిడ్ మోడ్‌లో ఉంటే సెపియా నారింజరంగులోకి జారిపోతుంది. సినిమా మోడ్‌కి మార్చండి. డైనమిక్ కాంట్రాస్ట్ ఆపండి, లేకపోతే చీకటి దృశ్యాల్లో వెలుగు దానంతటదే ఎక్కుతూ దిగుతూ ఉంటుంది. మోషన్ స్మూతింగ్ తప్పకుండా ఆపండి. లేని ఫ్రేముల్ని అది కల్పించి సీరియల్‌లాంటి నునుపు తెస్తుంది, నిదానమైన కెమెరా కదలిక బరువు పోతుంది. సెట్టింగులు ఈ సినిమా పెట్టి సరిచేయొద్దు. మామూలు రంగులున్న వేరే వీడియో పెట్టి, మనిషి ముఖం సహజంగా కనపడేదాకా సరిచేసి, తర్వాత దీన్ని పెట్టండి.

100 అంగుళాల తెర అంటే సుమారు 221 సెంటీమీటర్ల వెడల్పు, 125 సెంటీమీటర్ల ఎత్తు. త్రో రేషియో (తెర వెడల్పుకి ఎన్ని రెట్ల దూరంలో పెట్టాలో చెప్పే అంకె) 1.2 ఉన్న ప్రొజెక్టర్‌ని 2.65 మీటర్ల దూరంలో పెట్టాలి. పెట్టె మీద రాసిన వేల లూమెన్స్ నమ్మకండి, ఆన్సీ లూమెన్స్ (ప్రామాణిక పద్ధతిలో కొలిచిన వెలుగు) ఎంతో చూడండి. చీకటి గదికి 800 నుంచి 1000 ఉంటే చాలు. క్రీమ్ రంగు గోడ మీద వేస్తే సెపియా మీద మరో పసుపు పొర పడుతుంది, తెల్లటి మ్యాట్ గోడైనా తెరైనా కావాలి. దుప్పటి కడితే వెనక నల్లగుడ్డ వేయండి, లేకపోతే వెలుగు అటువైపు పోతుంది. జూన్, జూలై నెలల్లో బెంగళూరులో పొద్దు ఆరున్నర దాటాక గానీ కుంగదు. మందపాటి కర్టెన్లు లేనివాళ్లు ఏడింటికి మొదలుపెట్టండి.

శబ్దం సంగతి ఒక్క మాటలో: బ్లూటూత్ స్పీకర్ వద్దు, వైరు వేయండి. బ్లూటూత్‌లో శబ్దం బొమ్మ కంటే వెనకబడుతుంది, తుపాకీ పేలినచోట అది తెలిసిపోతుంది. ఇలాంటి సినిమాలో నిశ్శబ్దం కూడా సౌండ్‌ట్రాకే కాబట్టి మిక్సీ, కుక్కర్, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆ రెండు గంటలూ బంద్. కరెంటు పోతే డీజిల్ జనరేటర్ అందుకునేలోపు ప్రొజెక్టర్ ఆరిపోకుండా ఒక 600 వీఏ యూపీఎస్ పెట్టుకుంటే సరిపోతుంది.

వచ్చేవాళ్లకి ముందుగా ఏం చెప్పాలి

వాట్సాప్‌లో పంపే పిలుపులో ‘మ్యాట్రిక్స్ లాంటిది’ అని రాయకండి. 1999 నాటి ఆ సినిమాని మనసులో పెట్టుకుని వచ్చినవాళ్లు తర్వాతి ఫైట్ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటారు, ఎదురుచూపు ఎంత ఉంటే విసుగు అంత. దానికి బదులు ఐదు ముక్కలు పంపండి: నిడివి ఇంత, మాటలు పోలిష్, సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్, నడక నిదానం, ముగింపు మనమే తేల్చుకోవాలి.

కథకు అవసరమైన రెండు సంగతులు తెలుగులో ముందే చెప్పండి. ఒకటి, అవలాన్ పేరు. బ్రిటన్ పురాణగాథల్లో యుద్ధంలో ప్రాణాంతకంగా గాయపడిన ఆర్థర్ రాజుని చేర్చిన ద్వీపం అది. అక్కడ తొమ్మిదిమంది అక్కచెల్లెళ్లు ఉంటారని ఒక పాత కథనం. సినిమాలో తొమ్మిదిమంది సోదరీమణుల ప్రస్తావన వస్తుంది, ఇది తెలియనివాళ్లు అక్కడ దారి తప్పుతారు. రెండోది, ఆటల భాష. క్లాస్, పార్టీ, రీసెట్ అనే మాటలు ఫోన్లో ఆటలాడే కుర్రాళ్లకి నోటికొచ్చినవే, పెద్దవాళ్లకి కావు. క్లాస్ అంటే ఆటలో ఒక మెట్టు అనీ, పార్టీ అంటే కలిసి ఆడే జట్టు అనీ, రీసెట్ అంటే మధ్యలో ఆట వదిలి బయటికి రావడం అనీ, ఆటలోంచి తిరిగి రాలేక ఆసుపత్రి మంచం మీద స్పృహ లేకుండా ఉండిపోయినవాళ్లూ ఉంటారనీ చెబితే చాలు. ఇంతకుమించి చెబితే సినిమా మీరే చూపించేసినట్టు.

తిండి విషయం గట్టిగా చెబుతాం. సినిమాకి ముందు భోజనం పెట్టొద్దు. చీకటి గది, నిండు కడుపు, నిదానమైన సినిమా, మూడూ కలిస్తే ఎంత ఇష్టమున్నవాళ్లకైనా కళ్లు మూతపడతాయి. వచ్చినవాళ్లకి మరమరాలో, నాలుగు బిస్కట్లో ఇచ్చి, ఫిల్టర్ కాఫీ సినిమా అయ్యాక ఇవ్వండి. భోజనం చర్చ తర్వాత.

ఇంటర్వెల్ ఇవ్వకండి. తప్పనిసరైతే 50 నిమిషాల దగ్గర ఒక దృశ్యం ముగిసినచోట ఆపండి. చివరి అరగంటలో మాత్రం ఆపొద్దు. (సినిమా చూడనివాళ్లు ఈ పేరాలో మిగతాది వదిలేయండి.) చివరి ఘట్టంలో ఆష్ ‘క్లాస్ రియల్’లోకి అడుగుపెట్టగానే సెపియా పోయి మామూలు రంగులు వస్తాయి, రోజూ కనిపించేలాంటి వార్సా నగరం వస్తుంది. ఇప్పటిదాకా లోకం అనుకున్నది రంగు వెలిసినట్టుంది, ఆటలో ఒక మెట్టు అని చెప్పిందేమో నిజంలా ఉంది. సినిమా అడిగే ప్రశ్నంతా ఆ ఒక్క మార్పులో ఉంది. వివిడ్ మోడ్‌లో చూసినవాళ్లకి ఆ మార్పు సగమే తగులుతుంది, అప్పుడు ‘చివర్లో ఏముంది?’ అంటే వాళ్ల తప్పు కాదు.

చీటీలు

సినిమా అయిపోగానే లైట్లు పూర్తిగా వేయకండి, ఎవర్నీ మాట్లాడనివ్వకండి. కాఫీతో పాటు తలా ఒక చీటీ, పెన్ను ఇచ్చి ఐదు నిమిషాలు ఇవ్వండి. మూడు ప్రశ్నలు: ఏ దృశ్యం దగ్గర మనసు పక్కకి పోయింది? ఏ దృశ్యం మళ్లీ చూస్తారు? చివరి లోకం నిజమా, ఆటా, దానికి సినిమాలో కనబడిన ఆధారం ఏమిటి? పేరు రాయక్కర్లేదు.

ఈ ఐదు నిమిషాలు మానేస్తే మిగతాదంతా కూలుతుంది. మొదట నోరు విప్పినవాళ్ల మాటే గదిలో పాకుతుంది. సినిమాలు బాగా చూస్తాడని పేరున్న అన్నయ్య ‘మాస్టర్‌పీస్’ అన్నాడంటే, నిద్ర ఆపుకున్న ముగ్గురూ తలూపుతారు. వయసులో పెద్దాయన ‘ఏముందయ్యా ఇందులో’ అన్నారంటే, నచ్చిన చిన్నవాళ్లు ఊరుకుంటారు. చీటీలో రాసేశాక మాట మార్చడం కష్టం.

చీటీలు కలిపేసి చర్చ నడిపేవాళ్లే పైకి చదవాలి. మొదట నచ్చనివాళ్లవి చదవండి. నచ్చినవాళ్లతో మొదలుపెడితే మిగతావాళ్లు సంజాయిషీ ఇచ్చుకుంటున్నట్టు మాట్లాడతారు.

చదువుతూ నాలుగు కుప్పలు వేయండి: నడక, కథ అర్థం కావడం, ఆలోచన, బొమ్మ-శబ్దం. చాలా వాదనలు వేర్వేరు కుప్పల్లో నిలబడి చేసేవే. ఒకరు నడక గురించి ‘బాలేదు’ అంటారు, ఎదుటివాళ్లు ఆలోచన గురించి ‘గొప్పది’ అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు, ఒకరికొకరు జవాబు మాత్రం చెప్పడం లేదు. ఏ కుప్పలో ఎక్కువ చీటీలు పడ్డాయో దాన్నే ముందు తీసుకోండి, మనిషికి మూడు నిమిషాలు, ఫోన్లో టైమర్ పెట్టి.

నడక కుప్పకి ఒకే నియమం: ‘స్లోగా ఉంది’ అన్నవాళ్లు దృశ్యం పేరు చెప్పాలి. ఆష్ తన కుక్క కోసం మాంసం, కూరగాయలు తరిగి వండే దృశ్యం తప్పకుండా వస్తుంది. అప్పుడు నచ్చినవాళ్లని అడగండి: అంతసేపు ఎందుకు చూపించి ఉంటాడు? ఆటలో ఎంత గెలిచినా ఆమె చేతులతో నిజంగా చేసే పని అదొక్కటేనని ఎవరైనా అనొచ్చు. ఆ తర్వాత కుక్క కనిపించకుండా పోవడం ఎంత లోటో తెలియాలంటే ఆ వంటని అంతసేపు చూడాల్సిందేనని ఇంకొకరు అనొచ్చు. ఇంత విన్నాక కూడా ‘సగం చాలు’ అనేవాళ్లు ఉంటారు. అది న్యాయమైన అభిప్రాయం, అలాగే రాసుకోండి. ట్రామ్ ప్రయాణాలు మరీ ఎక్కువసార్లు వచ్చాయన్న మాటతో మేమూ ఏకీభవిస్తాం. నిద్రపోయినవాళ్లని ఆటపట్టించకండి, ఎక్కడ నిద్రపట్టిందో అడగండి. ఇద్దరు ముగ్గురు ఒకేచోట చెబితే అక్కడ సినిమా నిజంగా జారింది.

ఆలోచన కుప్పకి వచ్చేసరికి మన గదుల్లో తప్పక వినబడే వాక్యం ఒకటుంది: ‘అంతా మాయే, మనవాళ్లు ఎప్పుడో చెప్పారు.’ ఈ మాట వచ్చాక చర్చ ముందుకు కదలదు, అలాగని కొట్టిపారేయాల్సిందీ కాదు. దాన్ని వివరంలోకి దింపండి. యోగవాసిష్ఠంలో లవణరాజు కథ చెప్పమనండి: సభలో ఐంద్రజాలికుడు నెమలికుంచె ఆడించగానే రాజు కొద్దిసేపట్లోనే వేరే చోట ఒక జీవితం మొత్తం బతికి వస్తాడు. ఇప్పుడు పోల్చమనండి. లవణుడు ఇంద్రజాలంలోకి కోరి వెళ్లలేదు, ఆష్ రోజూ కోరి ఆటలోకి వెళ్తుంది. తాడుని పాము అనుకున్నవాడికి దీపం తెస్తే భ్రమ పోతుంది. ఈ సినిమాలో దీపం ఎవరు తెస్తారు? పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’ చదివినవాళ్లుంటే ఇంకా మంచిది, బ్రహ్మ సరస్వతికి చెప్పిన కథలోని మనుషులు నిజంగా పుట్టి తిరగడం అక్కడుంది. పడమటి వైపు నుంచి ఒక ప్రశ్న చాలు. తత్వవేత్త రాబర్ట్ నోజిక్ 1974లో వేసినది: కోరుకున్న అనుభవాలన్నీ ఇచ్చే యంత్రం ఉంటే అందులోకి జీవితాంతానికి వెళ్తారా? చేతులెత్తమనండి. వెళ్తామన్నవాళ్లు, వెళ్లబోమన్నవాళ్లు ముగింపుని ఎలా చదివారో అడిగి పోల్చి చూడండి.

పక్క ఫ్లాట్ కన్నడ మిత్రులు వస్తే చీటీ కన్నడలోనే రాయమనండి, చదివి చెప్పేవాళ్లు ఆ గదిలో ఎలాగూ ఉంటారు.

చివర్లో స్టార్ రేటింగ్ వేసి సగటు తీయొద్దు. ఐదుగురు 9 ఇచ్చి, ఐదుగురు 3 ఇస్తే సగటు 6 వస్తుంది. ఆ సినిమాని 6 అనుకున్న మనిషి గదిలో ఒక్కరూ లేరు. గ్రూపులో పెట్టాల్సింది కుప్పల వారీగా ఏమేం అభిప్రాయాలు వచ్చాయో. ప్రతి అభిప్రాయం పక్కన దృశ్యం పేరు ఉండాలి, ముగింపు గురించిన మాటలకి ముందు హెచ్చరిక ఉండాలి.

45 నిమిషాలకి చర్చ ఆపి భోజనాలు పెట్టండి, మెట్రోకి వెళ్లాల్సినవాళ్లు ముందు తింటారు. తినేటప్పుడు ఎవరైనా ముగింపు మళ్లీ చూద్దామంటే చివరి 20 నిమిషాలు వేయండి. ఆసక్తి నిలిచిన గుంపుకి తర్వాత ఫాస్‌బిండర్ 1973లో జర్మన్ టెలివిజన్‌కి తీసిన ‘వరల్డ్ ఆన్ ఎ వైర్’ చూపించొచ్చు. రెండు భాగాలు, మొత్తం 200 నిమిషాలు దాటుతుంది, కాబట్టి రెండు శనివారాలకి పంచండి. మొదటి భాగం అయ్యాక కూడా చీటీలు రాయించి కవరులో పెట్టి ఉంచండి, రెండోవారం కొత్త చీటీలతో పాటు విప్పి చదవచ్చు.