బొంత కుడుతుంటే దారం తెగుతూనే ఉందా?

పాత నూలు చీరలు నాలుగు మడతలు వేసి మిషను మీద బొంత కుడుతుంటారు. జానెడు కుట్టు పడగానే పైదారం పుటుక్కుమంటుంది. వెంటనే అందరి చెయ్యీ పైదారం బిగువు సరిచేసే టెన్షన్ మర మీదకే పోతుంది. వదులు చేస్తే బొంత కింద ఉచ్చులు పడతాయి, దారం మాత్రం చాలాసార్లు తెగడం మానదు. దయచేసి ఆ మర జోలికి ఇప్పుడే వెళ్లకండి.

బట్టను నొక్కిపట్టే మిషను పాదం పైకెత్తి దారం మళ్లీ మొదటి నుంచి ఎక్కించండి. పాదం దించి ఉంటే దారాన్ని నొక్కిపట్టే టెన్షన్ బిళ్లలు బిగుసుకుని ఉంటాయి, దారం వాటి మధ్యకు సరిగ్గా దిగదు. చెబితే నవ్వుతారు కానీ, నా దగ్గరకు వచ్చే ఫిర్యాదుల్లో సగం ఇక్కడే తీరిపోతాయి.

తర్వాత సూది. జాకెట్లు కుట్టే 11 నంబరు సూది బొంతకు చాలదు. 16, మరీ మందమైతే 18 వేయండి. ఒక్కో కుట్టుకు దారం సూది కన్నంలోంచి కిందకు దిగి, కిందిదారం చుట్టిన బాబిన్ చుట్టూ తిరిగి, చాలావరకు మళ్లీ వెనక్కి వస్తుంది. అంటే బట్టలో స్థిరపడేలోపు అదే దారం అదే కన్నంలో ఎన్నోసార్లు రాసుకుంటుంది. కన్నం ఇరుకైతే వత్తిలా నూగు లేచి తెగుతుంది. సూది పొడవాటి గాడి దారం ఎక్కించే వైపే ఉండాలి.

దారం పాతదైతే రెండు చేతులతో లాగి చూడండి. కొంచెం కూడా ఎదురు చెప్పకుండా తెగితే పారేయండి. అటక మీద దొరికిన అమ్మమ్మ గారి రీలు అందంగానే ఉంటుంది, కుట్టుకు పనికిరాదు.

ఇవన్నీ అయ్యాక కూడా తెగుతోందా? అయితే నన్ను ఏడిపించిన దొంగ ఇదే. ఒక చలికాలం మూడు రీళ్లు, అర డజను సూదులు మార్చాను. చివరికి మిషను దుమ్ము తుడుస్తుంటే, సూది దిగే ప్లేటు రంధ్రం అంచున దూది పోగు ఒకటి చిక్కుకుని వేలాడింది. గోరు ఆనిస్తే గీరుకుంది. అంతకుముందెప్పుడో చీర అంచులు కలిసిన మందం దగ్గర బొంతను వెనక నుంచి లాగాను; సూది వంగి ప్లేటుకు తగిలి అక్కడ చిన్న గంటు పడింది. ఆ గంటే దారాన్ని పోగు పోగుగా కోస్తోంది.

ప్లేటు విప్పి, బాగా నున్నటి ఎమెరీ కాగితాన్ని సన్నగా చీల్చి పురిపెట్టి, రంధ్రంలో దూర్చి పైకీ కిందకూ ఆడించండి. దూది చిక్కకుండా జారితే చాలు. రంధ్రం పెద్దది చేయకండి. గంటు లోతుగా ఉంటే ప్లేటు మార్చడమే మేలు. షటిల్ (ప్లేటు కింద పైదారాన్ని పట్టి బాబిన్ చుట్టూ తిప్పేది) మొనకూ ఇదే దూది పరీక్ష చేయండి, కానీ దాన్ని అరగదీయకండి. గరుకుగా ఉంటే కొత్తది వేయించండి. ఇకపై మందం వచ్చినచోట చక్రాన్ని చేత్తో తిప్పండి, బట్టను లాగకండి. జరీ అంచులు ముందే కత్తిరించేయండి.

చేత్తో కుట్టేవారికి తెగేది ఎక్కువగా దురాశ వల్లే: మాటిమాటికీ ఎక్కించలేక బారెడు దారం తీసుకుంటారు. మూరెడు, మహా అయితే మూరన్నర చాలు. నూలు దారాన్ని ఒకసారి తేనెమైనం మీద లాగితే నూగు అణుగుతుంది. గట్టి పాలిస్టర్ దారం నాకు నచ్చదు, మెత్తబడిన పాత చీరను అదే కోసేస్తుందేమోనని భయం.

మిషను టైమింగ్, అంటే సూదీ షటిలూ కలిసే అదును, తప్పిందేమో అని కొందరి అనుమానం. అది తప్పితే ముందు కుట్లు ఎగిరిపోతాయి. అలా జరుగుతుంటేనే మెకానిక్కును పిలవండి.