మెస్సులో సిగరెట్ ఆపించడం ఎలా

ఒంగోల్లో చిన్న మెస్ నాది. పొగాకు వేలానికి వచ్చే రైతులు చాలామంది ఇక్కడే భోంచేస్తారు. వాళ్లు పండించినదాన్నే లోపల కాల్చొద్దని చెప్పాలి మరి, మాట జాగ్రత్తగా ఉండాలి.

ముందు బోర్డు. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పుకు తగ్గకుండా గుమ్మం దగ్గరే తగిలించండి. ఫిర్యాదు ఎవరికి చెయ్యాలో వాళ్ల పేరు కూడా కనబడాలి. బల్లల మీద యాష్‌ట్రేలు తీసెయ్యండి. అగ్గిపెట్టె, లైటరు అందించకండి. 2008 అక్టోబరు 2 నుంచి అమల్లో ఉన్న రూల్సు ఇవి. బోర్డు పెట్టి యాష్‌ట్రే ఉంచేవాళ్లను చూస్తే నాకు నవ్వొస్తుంది.

అసలు తంటా "నా డబ్బు, నా ఊపిరి, నీకేంటి?" అనేవాళ్లతో. చట్టంతో మొదలుపెట్టకండి. "కాల్చొద్దనట్లేదన్నా, పక్క బల్ల దగ్గర చంటిబిడ్డ ఉంది. బయట కాల్చుకుని రా, నీ పెరుగు తీసిపెడతా" అనండి. చాలామంది లేస్తారు. మొండికేస్తే అప్పుడు చెప్పండి: 2001లో మురళీ దేవరా కేసులో బహిరంగ స్థలాల్లో పొగ తాగొద్దన్నప్పుడు సుప్రీంకోర్టు చూసింది పక్కవాడి జీవించే హక్కుని, అంటే రాజ్యాంగంలోని 21వ అధికరణాన్ని. కాల్చినవాడికి 200 రూపాయల దాకా జరిమానా. చూసీచూడనట్టు వదిలేస్తే ఓనరుకూ తప్పదు.

30 సీట్లు, ఆపైన ఉన్న హోటళ్లు పొగ తాగేవాళ్లకి విడిగా గది కట్టుకోవచ్చు. నాకంత జాగా ఉంటే ఇంకో గ్రైండర్ పెట్టుకుంటా.