తుఫానుల కాలానికి ముందు సర్వర్ రూమ్‌లో చూసుకోవాల్సినవి

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాలో ఎప్పుడు ఏ తుఫాను వస్తుందో చెప్పలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను తాకాక నగరంలో చాలా చోట్ల రోజుల తరబడి కరెంటు లేదు, ఫోన్లు పనిచేయలేదు. 2018లో తిత్లీ శ్రీకాకుళం జిల్లాను అతలాకుతలం చేసింది. 2023 డిసెంబరులో మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ వైపు గ్రౌండ్ ఫ్లోర్లు రోజుల పాటు నీళ్లలోనే ఉండిపోయాయి. ఈ ప్రాంతాల్లో ఆసుపత్రులు, కాలేజీలు, సహకార బ్యాంకులు, చిన్న ఫ్యాక్టరీలు చాలా వాటికి సొంత సర్వర్ రూమ్ ఉంటుంది. మూడు నాలుగు హోస్టులు (అసలు సర్వర్లు), ఒక స్టోరేజ్ బాక్స్ (డిస్కుల పెట్టె), వాటి మీద ముప్పై నలభై వర్చువల్ మెషిన్లు (వీఎంలు, అంటే ఒకే సర్వర్‌లో సాఫ్ట్‌వేర్ సాయంతో విడివిడిగా నడిచే కంప్యూటర్లు). చూసుకునేది ఒకరో ఇద్దరో. వాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

తుఫాను వస్తోందంటే అందరి దృష్టీ సిస్టమ్‌లను జాగ్రత్తగా ఆపడం మీదే ఉంటుంది. అది అవసరమే. కానీ అసలు కష్టం కరెంటు వచ్చాక, అన్నీ మళ్లీ లేపేటప్పుడు మొదలవుతుంది. పాత రోజుల్లో ఒక్కో పనికి ఒక్కో మెషిన్ ఉండేది, ఏది ముందు ఆన్ చేసినా పెద్దగా తేడా పడేది కాదు. ఇప్పుడు డీఎన్ఎస్ (పేర్లను ఐపీ చిరునామాలుగా మార్చేది), యాక్టివ్ డైరెక్టరీ (యూజర్ల లాగిన్లు చూసేది), వీసెంటర్ (వీఎమ్‌వేర్ హోస్టులన్నింటినీ ఒకచోటి నుంచి చూసుకునే సాఫ్ట్‌వేర్), పాస్‌వర్డ్‌లు దాచుకునే సాఫ్ట్‌వేర్, చివరికి సర్వర్ల వివరాలు రాసుకున్న ఫైలు కూడా వర్చువల్ మెషిన్లలోనే ఉంటున్నాయి. అన్నీ ఒకేసారి ఆగిపోతే ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ కూర్చుంటాయి.

ఉదాహరణకు డేటాస్టోర్‌ను (వీఎంల ఫైళ్లు ఉండే చోటు) ఎన్ఎఫ్ఎస్ (నెట్‌వర్క్ మీద ఫైళ్లు పంచుకునే పద్ధతి) ద్వారా, ఐపీతో కాకుండా పేరుతో మౌంట్ చేశారనుకోండి. ఆ పేరు ఐపీగా మారాలంటే డీఎన్ఎస్ కావాలి. డీఎన్ఎస్ ఉన్న వీఎం ఆ డేటాస్టోర్‌లోనే ఉంది. హోస్టు లేచింది, డేటాస్టోర్ కనిపించదు, డీఎన్ఎస్ లేవదు. అందుకే ఎన్ఎఫ్ఎస్ మౌంట్లు ఐపీతోనే ఉండాలి. ఎన్‌క్రిప్షన్ వాడేవాళ్లయితే కీ సర్వర్ ఎక్కడుందో ఈరోజే చూసుకోండి. అది ఎన్‌క్రిప్ట్ చేసిన స్టోరేజ్ మీదే ఉంటే తాళంచెవి బీరువాలో పెట్టి బీరువాకు తాళం వేసినట్టే. కనీసం ఒక డొమైన్ కంట్రోలర్‌ను (యాక్టివ్ డైరెక్టరీ నడిచే సర్వర్) హోస్టులన్నీ పంచుకునే షేర్డ్ స్టోరేజ్‌కు బయట, ఒక హోస్టు లోకల్ డిస్క్ మీదో చిన్న విడి మెషిన్ మీదో ఉంచండి. ప్రాక్స్‌మాక్స్ (వీఎంలు నడిపే మరో సాఫ్ట్‌వేర్) వాడేవాళ్లు కోరం (సగానికి మించి హోస్టులు లేచి ఉండాలన్న నియమం) సంగతి గుర్తుంచుకోవాలి. మూడు నోడ్ల (హోస్టుల) క్లస్టర్‌లో రెండు లేస్తే తప్ప వీఎంలు మొదలు కావు. ఒక్క హోస్టు ఆన్ చేసి ముఖ్యమైనవి నడిపిద్దాంలే అనుకుంటే కుదరదు.

టైమ్ విషయం చాలామందికి తట్టదు. ఇంటర్నెట్ లేనప్పుడు ఎన్‌టీపీ (గడియారాన్ని సరిచేసే సర్వీసు) అందదు. పాత హోస్టులో మదర్‌బోర్డు బ్యాటరీ అయిపోయి ఉంటే గడియారం ఎక్కడో మొదలవుతుంది. యాక్టివ్ డైరెక్టరీలో డిఫాల్ట్‌గా అయిదు నిమిషాల తేడా దాటితే లాగిన్లు ఆగిపోతాయి. పాస్‌వర్డ్ సరిగ్గానే కొడుతున్నా లోపలికి రానివ్వదు, ఆ టెన్షన్‌లో కారణం తట్టదు. హోస్టు లేచాక మొదట చూడాల్సింది టైమే.

వీటన్నింటినీ కాగితం మీద రాయండి. ప్రతి హోస్టు ఐపీ, రూట్ పాస్‌వర్డ్, స్టోరేజ్ మేనేజ్‌మెంట్ ఐపీ, లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్, బ్యాకప్ ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్, వీసెంటర్ ఏ హోస్టు మీద ఉందో ఆ వివరం, సపోర్ట్ కాంట్రాక్టు నంబరు. సీలు వేసిన కవరులో పెట్టి ఒకటి ఆఫీసు లాకరులో, ఒకటి మేనేజరు దగ్గర ఉంచండి. వీసెంటర్‌ను ఆపే ముందు డీఆర్ఎస్‌ను (వీఎంలను తనంతట తానే హోస్టుల మధ్య మార్చే సదుపాయం) మాన్యువల్‌కు మార్చకపోతే అది ఏ హోస్టుకు వెళ్లిందో తర్వాత ఒక్కోదానిలో లాగిన్ అయి వెతుక్కోవాలి.

ఆపే వరుస ఇలా ఉండాలి: ముందు అప్లికేషన్లు, తర్వాత డేటాబేస్‌లు, తర్వాత వీసెంటర్, చివరిగా డొమైన్ కంట్రోలర్లు. ఆపైన హోస్టులు. అన్ని హోస్టులూ పూర్తిగా ఆగాయని చూశాకే స్టోరేజ్, అదీ దాని సొంత షట్‌డౌన్ కమాండ్‌తో. వైరు పీకేయకూడదు. స్టోరేజ్ కంట్రోలర్ (డిస్కులను నడిపే భాగం) మెమరీలో ఉన్న రాతలు డిస్కుకు చేరాలి. అందుకే కంట్రోలర్ క్యాష్ బ్యాటరీ (కరెంటు పోయినా ఆ రాతలను కాపాడేది) బాగుందో లేదో ముందే చూడాలి. లేపేటప్పుడు నెట్‌వర్క్ స్విచ్‌లు, డిస్క్ షెల్ఫులు, ఆ తర్వాత కంట్రోలర్లు. స్టోరేజ్ పూర్తిగా ఆరోగ్యంగా ఉందని చూపించేదాకా హోస్టుల జోలికి వెళ్లవద్దు. ఆ పది పదిహేను నిమిషాలు ఓపిక పట్టలేక చేసే తప్పులే ఎక్కువ. హైపర్‌కన్వర్జ్‌డ్ సెటప్ ఉన్నవాళ్లకు ఈ వరుస వర్తించదు, హోస్టులే స్టోరేజ్ కాబట్టి ఆ కంపెనీ ఇచ్చిన షట్‌డౌన్ పద్ధతినే పాటించాలి.

యూపీఎస్ ఎంతసేపు ఆగుతుందో దాని తెర మీద అంకె చూసి నమ్మవద్దు. ఒక ఆదివారం మెయిన్ ఆపి, నిజమైన లోడుతో పరీక్షించండి. అన్ని వీఎంలూ ఆగడానికి ఎంత పడుతుందో అదే రోజు కొలవండి. యూపీఎస్ నలభై నిమిషాలు ఆగి, షట్‌డౌన్‌కు పాతిక నిమిషాలు పడితే, కరెంటు పోయిన పది నిమిషాలకే మొదలుపెట్టాలి. జనరేటర్ వస్తుందిలే అని అరగంట చూస్తే షట్‌డౌన్‌కు టైమ్ చాలదు. చాలా చోట్ల ఏసీ యూపీఎస్ మీద ఉండదు కూడా. సర్వర్లు నడుస్తూనే గది వేడెక్కిపోతుంది. షట్‌డౌన్ చేయమని చెప్పే అధికారం ఎవరిదో ముందే రాతపూర్వకంగా తీసుకోండి. తుఫాను రాత్రి ఫోన్ కలవకపోతే అనుమతి కోసం ఎవరినీ అడగలేరు.

సీజన్‌కు ముందు స్టోరేజ్‌లో చేయాల్సిన శుభ్రం కొంత ఉంది. పాత స్నాప్‌షాట్లు (వీఎం ఒక క్షణంలో ఎలా ఉందో పట్టి ఉంచేవి) తీసేయండి. స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, ఒక్కదాన్ని 72 గంటలకు మించి ఉంచవద్దని వీఎమ్‌వేర్ చాలా కాలంగా చెబుతోంది. పాతబడిన స్నాప్‌షాట్‌ను కలపడానికి గంటలు పడుతుంది, తుఫాను హెచ్చరిక వచ్చాక ఆ పని పెట్టుకోకూడదు. థిన్ ప్రొవిజనింగ్ (చోటంతా ముందే కేటాయించకుండా వాడేకొద్దీ ఇచ్చే పద్ధతి) ఉన్నచోట డేటాస్టోర్‌లోనే కాదు, దాని వెనకున్న పూల్‌లోనూ ఎంత ఖాళీ ఉందో చూడాలి. ఐదో వంతు కన్నా తక్కువ ఉంటే నేనైతే ఊరుకోను.

ఏళ్ల తరబడి ఆగకుండా తిరిగిన హార్డ్ డిస్కులు ఒకసారి చల్లబడ్డాక మళ్లీ లేవకపోవచ్చు. ఫర్మ్‌వేర్ (పరికరం లోపలే ఉండే సాఫ్ట్‌వేర్) సంగతి ఇంకా ముఖ్యం. 2019 నవంబరులో సర్వర్లు తయారుచేసే హెచ్‌పీఈ కంపెనీ ఒక హెచ్చరిక ఇచ్చింది. కొన్ని మోడళ్ల ఎస్ఎస్‌డీలు పాత ఫర్మ్‌వేర్‌తో 32,768 గంటలు, అంటే మూడేళ్ల 270 రోజుల 8 గంటలు నడిచాక పనిచేయడం మానేస్తాయి, డేటా తిరిగి రాదు. ఒకే రోజు బిగించిన డిస్కులన్నీ దాదాపు ఒకేసారి పోతే రెయిడ్ (ఒక డిస్కు పోయినా డేటా నిలిచేలా చాలా డిస్కుల్లో పంచి రాసే పద్ధతి) ఏం చేయగలదు? అందుకే ప్రతి డిస్కు ఫర్మ్‌వేర్‌నూ కంపెనీ జాబితాతో పోల్చి చూడండి. అప్‌గ్రేడ్ ఏదైనా ఉంటే సెప్టెంబరులోపే ముగించండి. కంట్రోలర్ ఫర్మ్‌వేర్ మార్చే ముందు ప్రతి హోస్టుకూ రెండు కంట్రోలర్లకూ దారి ఉందని స్వయంగా చూడాలి. ఒక కేబుల్ ఎప్పుడో ఊడిపోయి, అలర్ట్ ఎవరూ చూడకపోయి ఉంటే, ఒక కంట్రోలర్ రీస్టార్ట్ కాగానే ఆ హోస్టు మీది వీఎంలకు డిస్కే ఉండదు.

స్పేర్ డిస్కులు చేతిలో ఉండాలి. వరదల్లో కొరియర్ రాదు. పోయినదాని స్థానంలో పెట్టిన 16 టీబీ డిస్కును సెకనుకు 200 ఎంబీ వేగంతో తిరిగి నింపినా 22 గంటలు దాటుతుంది, పని జరుగుతుండగా అయితే ఇంకా ఎక్కువ. అంతసేపూ రెయిడ్ 5లో ఇంకొక్క డిస్కు పోయినా అంతా పోయినట్టే. పెద్ద డిస్కులతో, రెండు డిస్కులు పోయినా తట్టుకునే రెయిడ్ 6 లేకుండా ఉండవద్దు.

ఇక బ్యాకప్. అదే స్టోరేజ్ బాక్స్‌లో ఉన్న కాపీని బ్యాకప్‌గా లెక్కపెట్టకండి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలో, దేజాన్ నగరంలోని ప్రభుత్వ డేటా సెంటర్ కాలిపోయినప్పుడు ఉద్యోగుల ఫైళ్లు దాచిన జీ-డ్రైవ్‌లో 858 టీబీ పోయింది. మరీ పెద్దదని దానికి బయట కాపీ పెట్టలేదు. ఎక్కడ పెట్టాలన్నదీ ఆలోచించాలి. విశాఖ కాపీ కాకినాడలో ఉంటే ఒకే తుఫాను రెండింటినీ తాకవచ్చు, హైదరాబాద్ మేలు. 10 టీబీని 100 ఎంబీపీఎస్ లైను మీద పంపితే తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. కాబట్టి మొదటి పూర్తి కాపీ ఇప్పుడే మొదలుకావాలి, లేదా డిస్కులో వేసి మనిషి చేత పంపాలి. ఒక డేటాబేస్ వీఎంను ఆ కాపీ నుంచి రీస్టోర్ చేసి, లాగిన్ అయి, నిన్నటి రికార్డు కనిపిస్తోందో లేదో చూడండి. బ్యాకప్ జాబ్ పచ్చగా కనిపించినంత మాత్రాన చాలదు.

సర్వర్ రూమ్ గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉంటే పై అంతస్తుకు మార్చమని పట్టుబట్టండి. కుదరకపోతే కనీసం యూపీఎస్ బ్యాటరీలనూ కింది వరుసల్లో ఉన్న పరికరాలనూ ఎత్తులో పెట్టించండి. నీళ్లు చేరాక ఎంత ఖరీదైన బాక్స్ ఉన్నా, మెయిన్ ఆపారని ఎలక్ట్రీషియన్ చెప్పేదాకా ఎవరూ ఆ గదిలో అడుగు పెట్టకూడదు.

తుఫాను దాటాక కరెంటు రాగానే స్విచ్ వేయకండి. వస్తూ పోతూ ఉండే కరెంటు నిలకడగా కొన్ని గంటలు ఉండనివ్వండి, గదిలో తేమ తగ్గనివ్వండి. అన్నీ లేచాక లైనక్స్ వీఎంలలో ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీ అయిందేమో చూడండి, పైకి నడుస్తున్నట్టే కనిపిస్తూ ఏదీ రాసుకోకపోవచ్చు. డేటాబేస్ చెక్ చేసి, కొత్త పూర్తి బ్యాకప్ తీసి, అది రీస్టోర్ అవుతోందని తేలేదాకా పాత బ్యాకప్‌లను తొలగించే షెడ్యూల్‌ను ఆపి ఉంచండి.