తడి చెత్త ఇల్లు దాటకుండా ఎరువుగా మార్చుకునే పద్ధతి

హైదరాబాదు నగరపు చెత్తలో అధిక భాగం ఏళ్ల తరబడి జవహర్‌నగర్ డంపింగ్ యార్డుకే చేరింది. ఆ గుట్టల నుంచి ఊరిన మురుగు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. ఆ మురుగుకూ దుర్గంధానికీ ప్రధాన కారణం మన వంటిళ్ల నుంచి వెళ్లిన కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కుళ్లిన పండ్లే. గాలి ఆడని గుట్ట లోపల అవి మురిగి మీథేన్ వాయువును పుట్టిస్తాయి. అంతకు ముందే, సంచిలో తమతోపాటు పడిన కాగితాన్నీ అట్టనూ తడిపి అమ్మకానికి పనికిరాకుండా చేస్తాయి.

కాబట్టి వంటగదిలోనే తడి చెత్తను విడదీయాలి. 2016 నాటి ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలు తడి, పొడి, ఇంటి ప్రమాదకర వ్యర్థాలను వేరువేరుగా అప్పగించాలని చెప్పాయి. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు, గడువు తీరిన మందులు మూడవ రకం కిందికి వస్తాయి. పగిలిన గాజును, బ్లేడును మందపాటి కాగితంలో చుట్టి విడిగా ఇవ్వడం మాత్రం ఎన్నడూ మరువకూడదు, ఎందుకంటే బండి దగ్గర ఆ చెత్తను ఏరేవి సాటి మనుషుల చేతులు.

ఎరువు తయారీకి మూత ఉన్న ఇరవై లీటర్ల పాత బకెట్ చాలు. అడుగునా పక్కలా రంధ్రాలు చేసి, కింద ఒక పళ్లెం ఉంచి, నాలుగు వేళ్ల మందాన ఎండుటాకులు గానీ కొబ్బరి పీచు గానీ పరవాలి. ఏ రోజు తొక్కలను ఆ రోజే చిన్న ముక్కలుగా తరిగి వేసి, వాటికి రెట్టింపు ఎండుటాకులతో కప్పాలి. మొదటి వారంలో కాస్త పులిసిన మజ్జిగ గానీ పేడ నీళ్లు గానీ చల్లితే, పాలకు తోడు వేసినట్టు, సూక్ష్మజీవుల పని త్వరగా మొదలవుతుంది. మూడు రోజులకొకసారి కర్రతో అడుగు వరకు కలిపితే లోపలికి గాలి ఆడుతుంది. మాంసం, ఎముకలు, నూనె కూరలు ఇందులో వేయరాదు.

చాలామంది మొదటి నెలలోనే వాసన వచ్చిందని మానేస్తారు. వాసన వచ్చిందంటే తడి ఎక్కువై గాలి తగ్గిందని అర్థం. ఎండుటాకులు దండిగా వేసి కలిపితే రెండు మూడు రోజుల్లో అది తగ్గిపోతుంది. గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు మాత్రమే రాలాలి. అసలు చెమ్మే తగలకపోతే నీళ్లు చిలకరించాలి. లావుపాటి పురుగులు కనిపించినా భయం అక్కరలేదు, అవి కుళ్లే పదార్థాన్ని తిని పని తొందర చేస్తాయి. వానాకాలంలో బకెట్‌ను జల్లు పడని చోటికి మార్చాలి.

బకెట్ నిండిన తరువాత రెండు నెలలు అలాగే ఉంచి, అప్పుడప్పుడు కలుపుతూ ఉంటే తొలకరి మట్టి వాసన గల నల్లని ఎరువు తయారవుతుంది. దానిని జల్లించి, మూడు వంతుల మట్టికి ఒక వంతు చొప్పున కలిపి కరివేపాకు కుండీకో తులసి మొక్కకో వాడుకోవచ్చు. జల్లెడలో మిగిలిన గట్టి ముక్కలను పారవేయకుండా కొత్త బకెట్ అడుగున వేస్తే, తరువాతి విడతకు అవే తోడవుతాయి.