సుంకి ఘాట్‌లో ఆయాసపడ్డ బండి: సెన్సర్లు మనమే శుభ్రం చేసుకునే పద్ధతి

పోయిన వేసవిలో సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కుతుంటే నా బండి నాలుగో గేరులో లాగడం మానేసింది. మూడులో వేసి, యాక్సిలరేటర్ తొక్కిపట్టి, ఎలాగో పొట్టంగి చేరాను. వెనక సీట్లో విశాఖ ఆస్పత్రిలో డిశ్చార్జి అయి ఇంటికి వస్తున్న పెద్దాయన ఉన్నాడు. “బాబూ, నీ బండిక్కూడా నాలాగే ఆయాసం పట్టినట్టుంది, ఓసారి ఎక్స్‌రే తీయించు” అన్నాడు. నవ్వాను గానీ, ఒడిశాలోని జయపురం వచ్చాక డీజిల్ కొట్టించి లెక్క చూసుకుంటే నవ్వు పోయింది.

నాది పదకొండేళ్ల నాటి ఏడు సీట్ల డీజిల్ బండి. వారానికి రెండుసార్లు విశాఖ ట్రిప్పు, ఎక్కువగా ఆస్పత్రి బేరాలే. మిగతా రోజుల్లో బొరిగుమ్మ, నందపూర్, నారాయణపట్నం వైపు తిరుగుతాను. ఆ దారుల్లో ఏప్రిల్, మే నెలల్లో ఎర్ర దుమ్ము ఎలా లేస్తుందో మావైపు వాళ్లకి చెప్పనక్కర్లేదు. సాయంత్రానికి తెల్ల బండి ఎర్రమట్టి పూసినట్టు అవుతుంది. పైన పడ్డది కడిగితే పోతుంది. లోపలికి పోయి, సెన్సర్ల మీద పట్టి, మైలేజీ తగ్గించేదాని సంగతే ఇది.

ముందు లెక్క, తర్వాత పానా

సెన్సర్ కడిగాక మైలేజీ పెరిగిందో లేదో తెలియాలంటే, కడగకముందు ఎంత ఇస్తోందో తెలియాలి. డ్యాష్‌బోర్డు మీద చూపించే అంకెని నేను నమ్మను. జయపురంలో ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర, గన్ను టక్కుమని ఆగేదాకా నింపిస్తాను. ట్రిప్ మీటరు సున్నా చేస్తాను. విశాఖ వెళ్లొచ్చి మళ్లీ అక్కడే నింపిస్తాను. ఒకవైపు లెక్క పనికిరాదు. పోయేటప్పుడు కొండ దిగుతాం, వచ్చేటప్పుడు ఎక్కుతాం. జయపురం సముద్రమట్టానికి సుమారు 650 మీటర్ల ఎత్తు, కోరాపుట్ 870. దిగేటప్పటి మైలేజీ చూసుకుని మురిసిపోయే డ్రైవర్లు మా స్టాండులోనే నలుగురున్నారు.

ఆ వారం నా లెక్క 434 కిలోమీటర్లకు 35.9 లీటర్లు, అంటే లీటరుకు 12.1. రెండేళ్ల కిందట ఇదే దారిలో 14కి తగ్గేది కాదు.

ఇంకో మాట. నాలుగు పనులు ఒకే రోజు చేసేస్తే ఏ పనికి ఫలితం వచ్చిందో ఎప్పటికీ తెలీదు. ఒక పని చేసి, ఒక ట్రిప్పు తిరిగి, రాసుకోండి. నేను చీటీ బిల్లుల పుస్తకంలో వెనక పేజీ వాడతాను.

సెన్సర్ జోలికి పోకముందు చూడాల్సినవి ఇంకా ఉన్నాయి. టైర్లలో గాలి పొద్దున్నే, బండి కదలకముందు చూడండి. ఒక ఇరవై కిలోమీటర్లు తిరిగొచ్చి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి పెట్టి చూడండి. ఒక్కటే మిగతావాటికన్నా బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టుకునే ఉంది, దాని ముందు ఏ సెన్సరూ చేయగలిగింది లేదు. తర్వాత ఎయిర్ ఫిల్టర్.

ఇక్కడే నా రోగం బయటపడింది. ఫిల్టర్ డబ్బా మూత తీసి, ఫిల్టర్‌కి అవతల వైపు, అంటే శుభ్రమైన గాలి ఉండాల్సిన వైపు, వేలితో రాశాను. వేలు ఎర్రగా వచ్చింది. డబ్బాకి నాలుగు క్లిప్పులు ఉండాలి, ఒకటి ఎప్పుడో విరిగితే ఎవరో బైండింగు వైరుతో కట్టారు. ఆ మూల సందులోంచి దుమ్ము ఫిల్టర్‌ని పలకరించకుండానే లోపలికి వెళ్తోంది. ఇలాంటప్పుడు సెన్సర్ ఎన్నిసార్లు కడిగినా నెల తిరక్కుండా మళ్లీ అదే గతి. కాబట్టి వేలి పరీక్ష ముందు. క్లిప్పు మార్చి, కొత్త ఫిల్టర్ వేసి, టైర్లలో గాలి సరిచేసి ట్రిప్పు తిరిగితే 33.4 లీటర్లు పట్టింది. లీటరుకు 13. (నేను చెప్పిన నియమం నేనే తప్పాను, ఫిల్టరూ గాలీ ఒకే రోజు చేశాను. బేరం ఉంది, ఏం చేస్తాం.)

గాలి సెన్సర్

ఫిల్టర్ డబ్బా దాటాక, ఇంజిన్ వైపు పోయే లావుపాటి గొట్టం మొదట్లో, నాలుగైదు తీగల కప్లర్ (ప్లగ్గు) తగిలించి ఉన్న చిన్న ముక్క ఉంటుంది. అదే మాఫ్ సెన్సర్. ఎంత బరువు గాలి లోపలికి పోతోందో కొలిచి కంప్యూటర్‌కి చెప్పడం దాని పని. లోపల వెంట్రుకంత తీగ గానీ, పల్చటి రేకు గానీ ఉంటుంది. దాన్ని కరెంటుతో వేడిగా ఉంచుతారు. గాలి తగిలితే చల్లబడుతుంది, మళ్లీ అదే వేడికి తేవడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టి గాలి లెక్క. ఆ తీగ మీద దుమ్ము, ఆయిల్ ఆవిరి కలిసి పొరలా పేరుకుంటే, దుప్పటి కప్పుకున్న మనిషికి గాలి తగలనట్టే దానికీ తగలదు. పది పాళ్లు గాలి పోతుంటే ఎనిమిదే అని చెబుతుంది.

డీజిల్ బండిలో కంప్యూటర్ ఆ మాట నమ్మి, పొగ రాకూడదని డీజిల్ తగ్గించి పోస్తుంది. మరి మైలేజీ పెరగాలి కదా అని మా బావమరిది అడిగాడు. పెరగదు. బండి లాగదు కాబట్టి మనం ఘాట్ అంతా ఒక గేరు కిందే ఉంటాం, మూడులో ఇంజిన్ గింగిరాలు తిరుగుతుంది. పొగ గాలిని మళ్లీ లోపలికి తిప్పే ఈజీఆర్ లెక్క కూడా ఈ సెన్సర్ మాట మీదే నడుస్తుంది, అదీ తప్పుతుంది.

పనికి కావాల్సినవి తక్కువే. మాఫ్ సెన్సర్ క్లీనర్ అని డబ్బా మీద రాసి ఉన్న స్ప్రే, స్టార్ బిట్, శుభ్రమైన గుడ్డ. స్ప్రే జయపురంలో దొరక్కపోతే విశాఖలో తెచ్చుకోండి గానీ, దొరికింది కదా అని కార్బ్యురేటర్ క్లీనర్, బ్రేక్ క్లీనర్ కొట్టకండి. అవి ప్లాస్టిక్కుని తినేస్తాయి, కొన్ని ఆరాక పొర వదులుతాయి. కరోనా నాటి శానిటైజర్ ఇంట్లో మిగిలిపోయిందని అడిగినవాళ్లున్నారు. చాలావాటిలో గ్లిజరిన్ ఉంటుంది, తీగ మీద జిగురు కట్టినట్టే.

ఇంజిన్ పూర్తిగా చల్లారాక మొదలుపెట్టండి. తాళం చెవి తీసి జేబులో వేసుకోండి. కప్లర్‌కి ఉన్న లాక్ నొక్కి మెల్లగా లాగాలి. తీగలు పట్టుకుని లాగితే పాత బండిలో లాక్ విరుగుతుంది, దాంతో సెన్సర్ పని కాస్తా వైరింగ్ పని అవుతుంది. సెన్సర్‌ని రెండు స్టార్ స్క్రూలు పట్టి ఉంచుతాయి. కొన్నింటికి స్క్రూ మధ్యలో చిన్న పుల్ల ఉంటుంది, దానికి మధ్యలో బొక్క ఉన్న బిట్ కావాలి. సాలూరు లారీల ఊరు, అక్కడి పనిముట్ల దుకాణంలో సెట్టు కొన్నాను. ప్లయర్‌తో స్క్రూ తల అరగదీయకండి. తీసేముందు ఫోన్‌తో ఒక ఫొటో తీసుకుంటే మళ్లీ ఎటు తిప్పి పెట్టాలో తడుముకోనక్కర్లేదు. గాలి పోయే దిక్కుకి చాలా సెన్సర్ల మీద బాణం గుర్తు ఉంటుంది.

బయటికి తీశాక వెలుతురులో చూడండి. నా దాంట్లో తీగ బూడిద రంగు కట్టి, అంచుల్లో ఎర్రమట్టి అతుక్కుని ఉంది. ఇప్పుడు చెయ్యి దురద పెడుతుంది, దూదిపుల్లతో ఒక్కసారి తుడుద్దామని. వద్దు. ఆ తీగ మన వేలికి తెలియకుండానే తెగిపోతుంది. జానెడు దూరం నుంచి స్ప్రే పది, పదిహేను సార్లు కొట్టండి, మురికి కిందకి కారేలా సెన్సర్‌ని వంచి పట్టుకోండి. అటూ ఇటూ రెండు వైపులా కొట్టండి. ఆ తర్వాత దాన్ని గుడ్డ మీద పెట్టి ఒక అరగంట మరిచిపోండి. కంప్రెసర్ గాలి పెట్టొద్దు, నోటితో ఊదొద్దు. ఆరకుండా బిగించి తాళం తిప్పితే వేడి తీగ మీద స్ప్రే ఉన్నట్టే, అది మండే సరుకు. బీడీలు కాల్చేవాళ్లని కూడా బానెట్ దగ్గర్నుంచి పంపించెయ్యండి.

ఇంత జాగ్రత్తగా ఎందుకు చెబుతున్నానంటే, మూడేళ్ల కిందట ఒక షెడ్డులో కుర్రాడు ఇదే సెన్సర్‌కి కార్బ్యురేటర్ స్ప్రే కొట్టి, కంప్రెసర్ గొట్టం పెట్టి ఊదాడు. మర్నాటికి ఇంజిన్ లైటు వెలిగింది. కొత్త సెన్సర్‌కి ఆరు వేలు పోయింది. అతను ఇప్పటికీ ఎదురుపడితే టీ ఇప్పిస్తాడు, ఆ లెక్కన ఇంకా చాలా టీలు బాకీ.

బిగించేటప్పుడు ఓరింగు (రబ్బరు రింగు) సరిగా కూర్చుందా, గొట్టం క్లాంపులు బిగుసుకున్నాయా చూసుకోండి. సెన్సర్ దాటాక సందు ఉంటే లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది, కడిగిన ఫలితం కనబడదు.

తర్వాతి ట్రిప్పు 31.2 లీటర్లు. లీటరుకు 13.9. సుంకిలో రెండు వంపుల దగ్గర తప్ప నాలుగో గేరు దించలేదు.

బూస్ట్ సెన్సర్, 91 అంకె

ఊపు మీద ఉన్నాను కదా, ఇన్‌టేక్ మానిఫోల్డ్, అంటే ఇంజిన్ సిలిండర్లకి గాలి పంచే గొట్టం, దాని మీద ఉండే ఒత్తిడి సెన్సర్ కూడా తీశాను. దీన్నే బూస్ట్ సెన్సర్ అనీ, మ్యాప్ సెన్సర్ అనీ అంటారు. డీజిల్ బండిలో ఇక్కడికి చేరేది దుమ్ము కాదు, ఈజీఆర్ పొగ మసీ ఆయిలూ కలిసిన నల్లటి కాటుక. మూతి పూడుకుపోయి ఉంటుంది. దీనికి కూడా అదే స్ప్రే. చుట్టూ ఉన్న మసిని గుడ్డతో తుడవొచ్చు గానీ రంధ్రంలో సూది, పిన్నీసు పెట్టకండి, లోపల పల్చటి పొర ఉంటుంది. మసి మానిఫోల్డ్ లోపలికి రాలకుండా ఆ కన్నానికి గుడ్డ అడ్డం పెట్టి, బిగించేముందు గుర్తుపెట్టుకుని తీసెయ్యండి.

ఇది బాగుందో లేదో తెలుసుకోవడానికి మంచి ఉపాయం ఒకటుంది. బండి కంప్యూటర్‌లోని అంకెలు ఫోన్‌లో చూపించే చిన్న ఓబీడీ అడాప్టర్ కొనుక్కుని, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా తాళం ఆన్‌లో పెట్టి, మానిఫోల్డ్ ఒత్తిడి చూడండి. ఇంజిన్ ఆగి ఉంది కాబట్టి అక్కడ ఉండేది బయటి గాలి ఒత్తిడే. ఫోన్‌లో చూసిన వీడియోలన్నీ 100 కిలోపాస్కల్ దగ్గర రావాలి అంటాయి. కోరాపుట్ బస్టాండు దగ్గర చూస్తే నాది 91 చూపించింది. సెన్సర్ పోయిందని టెన్షన్ పడ్డాను, కొత్తది ఎంతని కూడా అడిగాను. జయపురం దిగాక మళ్లీ చూస్తే 94. విశాఖ సముద్రం ఒడ్డున చూస్తే 101. అప్పుడు వెలిగింది. సెన్సర్ తప్పు చెప్పడం లేదు, మన ఊరు ఎంత ఎత్తులో ఉందో చెబుతోంది. ఎత్తు పెరిగేకొద్దీ గాలి పల్చబడుతుంది కదా. మైదానం వాళ్లు రాసిన అంకెలు చూసి మన కొండల మీద సెన్సర్లు మార్చేయకండి. 91 రావాల్సిన చోట 80 వచ్చినా, కొండ దిగినా ఎక్కినా అంకె కదలకపోయినా అప్పుడు అనుమానించండి.

ఇంతా చేస్తే దీనివల్ల మైలేజీ పెరిగిందా అంటే, లేదు. ఆ ట్రిప్పులో కూడా 13.9 దగ్గరే ఆగింది. నా దానికి మసి పట్టింది గానీ మూతి ఇంకా పూర్తిగా మూసుకుపోలేదు.

పెట్రోల్ బండి ఉన్నవాళ్లకి

మా బావమరిది పెట్రోల్ కారు సైలెన్సర్ గొట్టంలో, పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసే ఆక్సిజన్ సెన్సర్ ఉంటుంది. దాన్ని పీకి పెట్రోల్‌లో నానబెడతానన్నాడు. ఆపాను. అది కడిగే సామాను కాదు. పైపైన మసి ఉంటే ఇంజిన్ బాగా వేడెక్కి నడిచినప్పుడు దానంతటదే కాలిపోతుంది. ఆయిల్ మండిన బూడిదో, గాస్కెట్ పేస్టులోని సిలికానో పట్టి చచ్చిపోతే ఇంక మార్చడమే. అతని అడాప్టర్‌లో ఆ సెన్సర్ వోల్టేజీ చూశాం. ఇంజిన్ వేడెక్కాక 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య గబగబా పైకీ కిందకీ ఆడుతోంది. అంటే బతికే ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అంకె, అంటే కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచి, తగ్గించి సర్దుతోందో చెప్పేది, అది కూడా 5 లోపే ఉంది. అది ప్లస్ 10 దాటి ఉంటే ఎక్కడో గాలి లీకు, మురికి గాలి సెన్సర్, పెట్రోల్ సరిగా అందకపోవడం లాంటివి వెతకాలి.

అతని బండిలో దొరికిన దొంగ వేరే. ఇంజిన్ వేడి అరగంట నడిచినా 70 డిగ్రీలు దాటడం లేదు. వేడి కొలిచే సెన్సర్ కప్లర్ తీసి శుభ్రం చేసినా అదే. ఇంజిన్ వేడెక్కేదాకా నీళ్లు రేడియేటర్‌కి పోకుండా ఆపే థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోయింది. డిసెంబరులో సిమిలిగుడ చలికి రేడియేటర్ ఇంజిన్‌ని వేడెక్కనివ్వడం లేదు, కంప్యూటరేమో ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని పెట్రోల్ ఎక్కువ పోస్తోంది. థర్మోస్టాట్ మార్చాక వేడి 90 దగ్గర నిలబడింది. ఆక్సిజన్ సెన్సర్ కొనడానికి దాచుకున్న డబ్బుల్లో సగం కూడా కాలేదు. మిగిలినదాంతో టైర్లు మార్చమన్నాను, సీటు కవర్లు వేయించాడు.